షై అనే మాటకు నాలుగో అర్థం

నెల్లూరు,
జైలు, ఆడవాళ్ళ బ్యారక్,
జూన్ 11.

గౌరవనీయులైన ఎలిశబెతు టీచర్ గారికి,

వందనాలు. నేను అబిగయీలును. కోట ఊరి బడిలో మీ దగ్గర ఏడో తరగతి చదివాను. రెబెక్కమ్మ కూతుర్ని. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునేదాన్ని. ఏడాదంతా నోరు తెరవలేదు కాబట్టి మీకు గుర్తుండకపోవచ్చు.

పేపర్లో చూసే ఉంటారు. రొయ్యల కంపెనీలో సూపర్‌వైజర్ మధుబాబును రెండు కిలోల తూకపురాయితో కొట్టిన పిల్లను నేనే. వాడి ఎడమ కన్ను పోయింది. నా మీద హత్యాయత్నం కేసు పెట్టారు. మనసు మార్చుకోమని, ప్రార్థన చేసుకోమని రాయాలనుకుంటే మాత్రం దయచేసి జవాబు రాయొద్దు. ఆ మాటలు ఇక్కడికి వారం వారం వచ్చి చెప్పిపోయేవాళ్ళు ఉన్నారు.

నాకు కావలసింది ఒక మాటకు అర్థం. కొట్టడానికి రెండు నెలల ముందు నేను కంపెనీలో ఫిర్యాదు ఇచ్చాను. నా చేత్తో తెలుగులో రాసి ఇచ్చాను. చెన్నై ఆఫీసు వాళ్ళ కోసం దాన్ని ఎవరి చేతో ఇంగ్లీషులో రాయించారు. ఇప్పుడు తెలుగు కాగితం కనపడటం లేదని కంపెనీ అంటోంది. ఇంగ్లీషుదే కోర్టులో ఉంది. లాయరు పద్మనాభయ్య గారు దాని నకలు తెచ్చిచ్చారు. ఆఖరి పేజీ లేదు. ఎవరు రాశారో తెలియదు.

నేను రాసిన మాట ‘నా సిగ్గు తీసినాడు’ అని. ఇంగ్లీషులో ‘హి టుక్ అవే మై షైనెస్’ అని ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని సర్కారు వకీలు కథ అల్లాడట. పిల్ల సిగ్గరి, వాడు మచ్చిక చేసుకుని సిగ్గు పోగొట్టాడు, ఇద్దరూ బాగానే ఉన్నారు, తర్వాత వాడికి వేరే చోట పెళ్ళి కుదిరింది, కక్షతో కొట్టింది అని. నాకు బెయిలు రాలేదు.

ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు మా అమ్మ ఇంకా ట్రంకు పెట్టెలో దాచింది. మూడు పరీక్షలకూ మీరు ఒకటే రాశారు: ‘గుడ్ గర్ల్, వెరీ షై’. దీన్లో ఉన్న షై, దాన్లో ఉన్న షై ఒకటేనా టీచర్? ఆ మాటకు ఎన్ని అర్థాలున్నాయి? అన్నీ రాయండి.

మీ విద్యార్థిని
అబిగయీలు


గూడూరు,
జూన్ 24.

ప్రియమైన అబిగయీలుకు,

ప్రభువు పేరిట శుభాలు. గుర్తులేకపోవడమేమిటి? సుద్దముక్క అడగడానికి కూడా పక్కపిల్లను పంపేదానివి. నీ ఉత్తరం వచ్చి పది రోజులయింది. రాద్దామని కూర్చుంటే రోజూ ఏదో ఒక పని అడ్డం వచ్చింది.

అడిగావు కాబట్టి చెప్తాను. మనిషి గురించి అంటే షై అంటే బిడియం. కొత్తవాళ్ళ ముందు తల వంచుకోవడం, మాట పెగలకపోవడం. గుర్రం గురించి అంటే, దేన్నో చూసి బెదిరి పక్కకు దూకడం. లెక్కల్లో వస్తే తక్కువ పడటం. కిలోకు పది గ్రాములు తగ్గితే, కిలోకు పది గ్రాములు షై అంటారు. ఈ మూడూ తెలిస్తే చాలు.

మన సిగ్గు వేరు. మన మాటలో బిడియమూ ఉంది, పరువూ ఉంది. పెళ్ళిచూపుల్లో పడేదీ సిగ్గే, నలుగురిలో పోయేదీ సిగ్గే. ఇంగ్లీషులో ఆ రెంటికీ రెండు మాటలు. నీ వాక్యం రాసినవాళ్ళు తొందరలో ఒకదాని బదులు ఇంకొకటి వేసి ఉంటారు. తెలియక జరిగి ఉంటుంది. వాళ్ళ మీద మనసులో పెట్టుకోకు.

ఆ రోజు ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. రాయాలనిపిస్తేనే రాయి. నీ ఉత్తరంలో ‘గౌరవనీయులు’ తప్పు లేకుండా రాశావు, సంతోషం. తలకు నూనె రాసుకో. కవర్లు, స్టాంపులు పంపుతున్నాను.

ఎలిశబెతు


నెల్లూరు జైలు,
జూలై 15.

టీచర్ గారికి వందనాలు.

మీరు మూడే రాశారు. నాలుగోది నాకు దొరికింది. ఎలా దొరికిందో చెప్పాలంటే ముందు స్వర్ణ పన్ను గురించి చెప్పాలి.

స్వర్ణ నా పక్క చాప. మనుబోలు ఆమె, మరిదిని కత్తిపీటతో నరికి వచ్చింది. నా కాగితాలు లాగి, తనకొచ్చిన ఇంగ్లీషుతో చదివి, కుళాయి దగ్గర అందరి ముందూ మొదలుపెట్టింది. “ఒమ్మో, మన సిగ్గులమొగ్గ! వాడొచ్చి సిగ్గు తీసేసినాడంట మే!” అని. జుట్టు పట్టుకుని మొహాన్ని కుళాయికేసి కొట్టాను. పన్ను విరిగి నీళ్ళ తొట్టిలో పడింది. నలుగురు పట్టుకుంటే గానీ నన్ను విడదీయలేకపోయారు. వారం రోజులు విడిగా ఉంచారు.

తిరిగొచ్చాక ఆమే నా దగ్గర కూర్చుంది. “అసలేం రాసినావు నువ్వు?” అని అడిగింది. చెప్పాను. మర్నాడు లైబ్రరీ నుంచి అట్ట ఊడిన డిక్షనరీ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. “చూడు, నీ మాట ఇందులో ఏడుస్తా ఉండాదేమో” అంది. అందులో ఉంది టీచర్. షై అంటే రాయి విసరడం కూడానట. గురి చూసి చేత్తో విసరడం! ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. స్వర్ణకు చిగురు నొప్పి పుట్టి మళ్ళీ తిట్టింది.

మీకు ఈ అర్థం తెలియకుండా ఉంటుందా? నాకు చెప్పకూడదనుకున్నారా?

ఏం జరిగిందో రాయమన్నారు. రాస్తాను. మార్చిలో మధుబాబు నన్ను ఐసు తెమ్మని ఐసు గదికి పంపాడు. వెనకే వచ్చి తలుపు మూశాడు. రబ్బరు గ్లవ్ తొడిగిన చేత్తో నా నోరు నొక్కాడు. ఆ గ్లవ్‌కు క్లోరిన్ వాసన, రొయ్య తలకాయల వాసన. ఐసు దిమ్మకు నా వీపు ఆనించి, కదిలితే మెడ విరుస్తానన్నాడు. వీపు తోలు ఐసుకు అతుక్కుపోయింది, లాగినప్పుడు ఊడింది. మిగతాది మీకు నేను రాయను, మీరు ఊహించుకోగలరు. తలుపు తీసేసరికి బల్లల దగ్గర నలభై మంది ఆడవాళ్ళు రొయ్యలు ఒలవడం ఆపి చూస్తున్నారు. నా జాకెట్టు చిరిగి ఉంది. వాడు చేతులు కడుక్కుంటూ, “ఏందబ్బా చూస్తా ఉండారు, ఐసుగడ్డ కరిగింది, అంతే” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. దాన్నే నేను సిగ్గు తీయడం అన్నాను.

మే నెలలో విచారణ అయిపోయిందని, తప్పేమీ లేదని తేల్చారు. వాడు మళ్ళీ డ్యూటీకి వచ్చాడు. వచ్చిన రోజే అందరి ముందూ నా గడ్డం పట్టుకుని, “సిగ్గు తీసేసినా కదా, ఇంకేముండాది మే నీ కాడ?” అన్నాడు. టార్పాలిన్ ఎగరకుండా దాని మీద పెట్టిన పాత తూకపురాయి నా చేతికి అందింది. మూడు అడుగుల దూరం నుంచి గురి చూసి విసిరాను. పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడయింది. కింద పడ్డాక ఇంకోసారి కొట్టడానికి వంగాను, అప్పటికి పట్టుకున్నారు. నన్ను ఆపకపోతే చంపేసేదాన్ని. కోర్టులో ఈ మాట చెప్పొద్దని లాయరు గారు అన్నారు. మీకు చెప్తున్నాను.

నేను షై గర్ల్‌నే టీచర్. నాలుగో అర్థంలో.

అబిగయీలు


గూడూరు,
ఆగస్టు 8.

అబిగయీలుకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. నాలుగో అర్థం నాకు తెలుసు. కావాలనే వదిలేశాను. ఆ దేశంలో జాతరల్లో కర్రల మీద కొబ్బరికాయలు పెట్టి బంతులతో కొట్టే ఆట కూడా ఉంది, దాని పేర్లోనూ ఈ మాటే వస్తుంది. నీ కేసు గుర్తొచ్చి నాకే చెయ్యాడలేదు.

స్వర్ణ మీద చెయ్యి చేసుకున్నావు, అది తప్పు. ఆవిడకు క్షమాపణ చెప్పు.

మీ అమ్మ మొన్న వచ్చింది. ఆఖరి పేజీ కోసం పద్మనాభయ్య గారు కోర్టులో అర్జీ పెట్టారని చెప్పింది. అమ్మాయ్, నా మాట విను. ఎవరు రాశారో తెలుసుకుని ఏం చేస్తావు? ఆ పేజీ వెనక పడి కాలం పోగొట్టుకోకుండా, ఆ నలభై మందిలో ఒక్కరైనా సాక్ష్యం చెప్తారేమో చూడమను. జీవానందం గారు కంపెనీ మేనేజరే అయినా మన చర్చి పెద్ద, భక్తిపరులు. నెమ్మదిగా అడిగితే ఆయనే ఏదో దారి చూపిస్తారేమో.

ఈసారి గూడూరు నిమ్మకాయలు బాగున్నాయి. ఊరగాయ పెట్టి మీ అమ్మకు ఇచ్చాను. లోపలికి రానిస్తారో లేదో.

ఎలిశబెతు


నెల్లూరు జైలు,
సెప్టెంబరు 19.

ఎలిశబెతు గారికి,

ఆఖరి పేజీ వచ్చింది.

కింద మీ సంతకం ఉంది. ప్రోగ్రెస్ కార్డులో ఉన్న సంతకమే. ఇంగ్లీషు ‘ఇ’ కింద అదే మెలిక, అదే చుక్క. లాయరు గారు పేరు చదవకముందే నేను గుర్తుపట్టాను.

తెలియక రాసి ఉంటారు, మనసులో పెట్టుకోకు అని రాశారే, ఎలా రాయగలిగారు? నా వీపు తోలు గురించి చదివాక కూడా నిమ్మకాయ ఊరగాయ గురించి రాశారు. ఆ పేజీ వెనక పడొద్దన్నారు. ఆయన భక్తిపరుడన్నారు. ఆ సీసా జైలు గేటు దగ్గరే గోడకేసి పగలగొట్టమని మా అమ్మకు చెప్పాను. పగలగొట్టింది.

మీరు నా ఎదురుగా ఉంటే తూకపురాయి కోసం వెతికేదాన్ని. ఇది కోపంలో రాసింది కాదు. మూడు రోజులు ఆగి రాస్తున్నాను.

అబిగయీలు


గూడూరు,
అక్టోబరు 4.

అబిగయీలుకు,

నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏప్రిల్ మొదటి వారంలో జీవానందం గారు మా ఇంటికి వచ్చారు. చేతిలో నీ ఫిర్యాదు ఉంది. “చెన్నై వాళ్ళకు తెలుగు రాదు టీచరమ్మా. మీరైతే రహస్యం బయటికి పోదు. పిల్ల మన చర్చి సంఘం పిల్ల, రేపు పెళ్ళి కావలసింది. కొంచెం మెత్తగా రాయండి” అన్నారు. ఆయన టీ తాగుతూ ఎదురుగా కూర్చున్నారు. నేను ముందు నీ తెలుగు మొత్తం నా నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. ముప్పై మూడేళ్ళ అలవాటు, ఏది అనువాదం చేసినా అలాగే చేస్తాను. తర్వాత కింద ఇంగ్లీషు మొదలుపెట్టాను.

నీ వాక్యానికి సరైన ఇంగ్లీషు నాకు వెంటనే వచ్చింది. రాశాను కూడా. మానం తీసి అవమానించాడు అని వచ్చే మాటలు. రాసి తలెత్తితే ఆయన పుస్తకంలోకి చూస్తున్నారు. పరాయి మగవాడి ముందు, చర్చి పెద్ద ముందు, ఆ మాటలు నా చేతిరాతలో ఉన్నాయని సిగ్గేసింది. కొట్టేసి షైనెస్ అని వేశాను. నోరు నొక్కాడన్న మాటను ‘మాట్లాడొద్దన్నాడు’ అని మార్చాను. ఆయన చదివి, “చాలా మర్యాదగా ఉంది” అన్నారు. ఆ మెచ్చుకోలుకు నాకు సంతోషం కూడా కలిగింది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నా సిగ్గు కాపాడుకోవడానికి నీది రెండోసారి తీశాను. ఐసు గదిలో వాడు చేసింది ఒకటి, నా వరండాలో నేను చేసింది ఒకటి.

నోటు పుస్తకం నా దగ్గరే ఉంది. నీ తెలుగు ఉంది. నేను కొట్టేసిన మాటలు కొట్టివేత కింద కనపడుతున్నాయి. దీన్ని కాల్చేద్దామని ఒకసారి పొయ్యి దాకా తీసుకెళ్ళాను. నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావో.

ఎలిశబెతు


నెల్లూరు జైలు,
అక్టోబరు 16.

ఎలిశబెతు గారికి,

పుస్తకం పద్మనాభయ్య గారికి ఇవ్వండి. కోర్టుకు వచ్చి మీ నోటితో చెప్పండి. తెలియక రాశానని చెప్పారంటే నాకు పదేళ్ళు పడుతుంది. తెలిసే రాశానని చెప్పాలి.

అప్పటిదాకా నాకు ఉత్తరాలు రాయొద్దు.

అబిగయీలు


గూడూరు,
జనవరి 23.

అబిగయీలుకు,

నిన్న నువ్వు ముద్దాయి బోనులో ఉన్నావు, నేను సాక్షి బోనులో ఉన్నాను. మధ్యలో పది అడుగులు కూడా లేవు. నువ్వు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. అందుకే రాస్తున్నాను, నువ్వు విన్నావో లేదో తెలియక.

లాయరు గారు పుస్తకం తెరిచి నీ వాక్యం చదవమన్నారు. నాకే వినపడనంత మెల్లగా మొదలుపెట్టాను. జడ్జి గారు గట్టిగా చెప్పమన్నారు. ముందు వరసలో జీవానందం గారు, ఆయన పక్కన నల్లద్దాలు పెట్టుకుని మధుబాబు. వెనక మన సంఘం వాళ్ళు సగం మంది. నేను బైబిలు చదివే గొంతుతో నీ కాగితం మొదటి నుంచీ చదివాను. ‘తలుపు మూసినాడు. నోరు నొక్కినాడు. ఐసుకేసి అదిమినాడు. అందరి ముందరా నా సిగ్గు తీసినాడు.’ ఒక్క మాట వదల్లేదు.

సర్కారు వకీలు లేచాడు. “ముప్పై మూడేళ్ళు ఇంగ్లీషు చెప్పినారు. షై అంటే అర్థం తెలవదామ్మా మీకు?” అన్నాడు.

“తెలుసు. తెలిసే తప్పు రాసినాను” అన్నాను.

జడ్జి గారు పెన్ను ఆపి, ఎందుకు రాశారని అడిగారు.

“సిగ్గుపడి రాసినానండి” అన్నాను.

కోర్టులో ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. ఆ మాట నేను చెప్పినట్టే తెలుగులోనే రాసుకోమని గుమాస్తాకు చెప్పారు.

సాయంత్రం ఆరింటికి నేను లైటు వేస్తుండగా మొదటి రాయి పడింది. తర్వాత అయిదో ఆరో. వీధి వైపు కిటికీలన్నీ పోయాయి. ఒక గాజు పెంకు కనుబొమ్మ పైన దిగింది. రాత్రి కాంపౌండరు పెరటి వైపు నుంచి వచ్చి నాలుగు కుట్లు వేశాడు. అరుగు దగ్గర ఎవరో, “సిగ్గులేని ముసిల్దానా! బయటికి రాయే!” అని అరిచారు. గొంతు నాకు తెలిసిందే, నా దగ్గర చదువుకున్నవాడిదే. నేను వంటింట్లో బల్ల కింద కూర్చున్నాను. బయటికి రాలేదు. కోర్టులో వచ్చిన ధైర్యం ఇంటికొచ్చేసరికి ఏమయిందో తెలియదు. ఇవాళ కూడా తలుపు తీయలేదు. పాలవాడిని కూడా పెరటి వైపు రమ్మన్నాను.

నాలుగో అర్థం నాకు ఇప్పుడు బాగా తెలిసింది.

ఎలిశబెతు


కోట,
ఫిబ్రవరి 20.

టీచర్ గారికి,

తీర్పు వచ్చింది. లాయరు గారు మీకు చెప్పే ఉంటారు. హత్యాయత్నం నిలవలేదు. రెచ్చగొడితే కొట్టిందని, అందుకు ఇన్నాళ్ళు జైల్లో ఉన్నది సరిపోతుందని అన్నారు. మధుబాబు మీద కేసు కట్టించడానికి లాయరు గారు మళ్ళీ అర్జీ పెట్టారు. అది ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు. నేను మొన్న ఇంటికి వచ్చాను. గేటు దగ్గర స్వర్ణ నన్ను పట్టుకుని ఏడ్చింది. డిక్షనరీలో ఆ పేజీ చించి నా చేతిలో పెట్టింది. అది జైలు ఆస్తి, తిరిగి పంపాలి.

మీరు చదివినప్పుడు నేను విన్నాను. మీ వైపు చూస్తే ఏడుస్తానని చూడలేదు. వాడి ముందు ఏడవకూడదనుకున్నాను. వాడు అద్దాలు తీసి తుడుచుకున్నప్పుడు ఆ కన్ను చూశాను. పశ్చాత్తాపం కలిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. చెయ్యి ఆ బరువును ఇంకా మర్చిపోలేదు. అన్నం కలుపుతుంటే కూడా గుర్తొస్తుంది.

మిమ్మల్ని క్షమించానో లేదో నాకే తెలియదు. ఆ మాట అడక్కండి. కానీ మీ తలుపు నెల రోజులుగా మూసే ఉందని, చర్చికి కూడా పోవడం లేదని మా అమ్మ చెప్పింది. రాళ్ళు వేసినవాళ్ళు వీధిలో తిరుగుతుంటే, నా కాగితం చదివిన మనిషి బల్ల కింద దాక్కోవడం నాకు నచ్చలేదు. ఆ మాటలు నావి టీచర్. మీరు దాక్కుంటే నన్ను కూడా దాచినట్టే.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, చర్చికి పోయేవాళ్ళంతా మీ వీధిలో ఉన్నప్పుడు వస్తాను. కిటికీ అద్దాలు బిగించే మనిషిని వెంట తెస్తున్నాను. పెరటి వైపు రాను. వీధి గుమ్మం ముందు నిలబడి, క్లాసులో ఒక్కసారి కూడా ఎత్తని గొంతెత్తి మీ పేరు పెట్టి పిలుస్తాను. అందరూ చూసేటట్టు తలుపు తీసుకుని రండి.

సిగ్గుపడకుండా రండి.

అబిగయీలు